మొక్కజొన్నకు ముందు వచ్చే మాట

నా చిన్నప్పుడు నాకు మాట తట్టుకునేది. అన్ని మాటలూ కాదు. 'క'తో, 'ప'తో మొదలయ్యేవి కాస్త ఇబ్బంది పెట్టి వదిలేసేవి. 'మ' మాత్రం వదిలేది కాదు. పెదవులు రెండూ ఒకసారి మూసుకున్నాయంటే మళ్లీ తెరవడం నా చేతుల్లో ఉండేది కాదు. నన్ను కన్నప్పుడు మా అమ్మకు ఈ సంగతి తెలియదు కాబట్టి 'మ'తో మొదలయ్యే పేరే పెట్టింది. ఎవరైనా నీ పేరేమిటని అడిగితే పెదవులు బిగించి నిలబడేదాన్ని. అడిగినవాళ్లు కాసేపు చూసి, నా పక్కనున్నవాళ్లను అడిగి తెలుసుకునేవారు.

అప్పట్లో మేము ప్రొద్దుటూరులో ఉండేవాళ్లం. మా నాయన మగపిల్లల హైస్కూల్లో తెలుగు, ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. ఇంట్లో నాయన, అమ్మ, మా జేజి, నేను. జేజి అంటే నాయనను కన్నతల్లి. నా మాట బాగుచేయడానికి ఎవరికి తోచింది వాళ్లు చేశారు. జేజి వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాసేది. గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని, పాపఘ్ని నదిలో నన్ను ముంచి తేల్చి, తడిబట్టలతో గుడి చుట్టూ తిప్పింది. జమ్మలమడుగులో ఉండే మా మేనమామ గులకరాయి నోట్లో పెట్టుకుని మాట్లాడమన్నాడు. అది గొంతులోకి జారబోయిన రోజున అమ్మ ఆ వైద్యం మాన్పించింది. ఏదీ పట్టలేదు.

చివరికి అందరూ నాకు సాయం చేసే ఒక పద్ధతికి అలవాటు పడ్డారు. నేను మాట మొదలుపెట్టగానే మిగతాది వాళ్లే పూర్తి చేసేవాళ్లు. నేను పెదవులు బిగిస్తే అమ్మ మజ్జిగ తెచ్చేది, జేజి ముద్ద కలిపి పెట్టేది. నేను అడగాలనుకున్నది మామిడికాయ ముక్కయినా సరే, వాళ్లిచ్చింది తీసుకుని ఊరుకునేదాన్ని. బళ్లో పిల్లలైతే నా మాటను వాళ్లకు నవ్వొచ్చే విధంగా పూర్తి చేసేవాళ్లు. ఇంట్లోవాళ్లది ప్రేమ, బళ్లోవాళ్లది వేళాకోళం. నా వరకు రెండింటి ఫలితమూ ఒకటే. చెప్పాలనుకున్నది నా లోపలే ఉండిపోయేది. అలా మెల్లగా మాట్లాడటమే తగ్గించేశాను. నిజానికి అందులో ఒక సుఖం కూడా ఉంది. మాట్లాడని పిల్లను ఎవరూ ఏమీ అడగరు.

నేను అయిదో తరగతి చదువుతున్న ఏడు, ఉగాది దాటిన తర్వాత, పక్కింటి మేడ మీదికి ఇద్దరు జర్మనీవాళ్లు అద్దెకు వచ్చారు. ఊరి బయట కొత్తగా కడుతున్న నూలు మిల్లుకు ఆ దేశం నుంచి యంత్రాలు వచ్చాయి. వాటిని బిగించి నడిపించి చూపడానికి ఆయన వచ్చాడు. ఆయనతోపాటు ఆయన భార్య. ఆయన పొద్దున్నే మిల్లు జీపులో వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆమె పగలంతా ఒంటరిగా ఉండేది. వీధివీధంతా ఆమెను దొరసానమ్మ అనేవాళ్లు. మా అమ్మ కంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. పొడుగు మనిషి. ఎండకు ముక్కు ఎర్రబడి పొట్టు రాలుతుండేది. ఆమెకు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, తెలుగు ఒక్క ముక్క రాదు. వీధిలో ఇంగ్లీషు తెలిసింది మా నాయనకే కాబట్టి ఏ అవసరం వచ్చినా మా గడప తొక్కేది.

మొదటి అవసరం కొర్రల గురించి వచ్చింది. ఆమెకు వాళ్ల దేశంలో తినే ముదురు రంగు రొట్టె మీద మనసు పోయింది. దానికి పిండి కావాలి. అంగడికి వెళ్లి, ఇంగ్లీషు మాట తోచక, వాళ్ల భాషలోనే "కోర్న్" అని అడిగింది. శెట్టి ఏమాత్రం తడుముకోలేదు. "కొర్రలా అమ్మా? శానా మంచివి ఉండాయి" అని పడితో మూడుసార్లు కొలిచి పోశాడు. ఆమె ఆ సంచి మోసుకుని నేరుగా మా ఇంటికి వచ్చి, ఇవేమిటో చెప్పమని నాయన ముందు పెట్టింది. నాయన నవ్వు ఆపుకుని సంగతి వివరించాడు. జేజి మాత్రం నవ్వలేదు. సంచి లాక్కుని, కొర్రలు దంచి, అన్నం వండి, అందులో పెరుగు కలిపి పెట్టింది. ఆమె పళ్లెం ఖాళీ చేసింది. ఆ రోజు నుంచి ఆమె అంగడికి వెళ్లినప్పుడల్లా నన్ను తోడు పంపడం మొదలుపెట్టారు. నేను మాట్లాడకపోయినా వస్తువు వైపు వేలు చూపించగలను. వేలు చూపించడం నాకు బాగా అలవాటైన పనే.

ఆ నడకల్లో ఒక విచిత్రం జరిగింది. దొరసానమ్మ ప్రతిదాన్నీ చూపించి, కళ్లు పైకెత్తి, దీని పేరేమిటన్నట్టు నా ముఖంలోకి చూసేది. నేను చెప్పబోయేదాన్ని. మాట తట్టుకునేది. ఆమె ఎదురుచూసేది. నాకు అలవాటు లేని సంగతి అది. మామూలుగా నా మాట తట్టుకోగానే ఎదుటివాళ్ల నోరు కదలడం మొదలవుతుంది. ఆమె నోరు కదిలేది కాదు. ఎలా కదులుతుంది? ఆమెకు తెలుగు రాదు. నేను చెప్పబోయే మాట ఎక్కడ ముగుస్తుందో ఆమెకు తెలియదు. మల్లెలు అనడానికి నాకు పట్టినంత సేపూ బజారు మధ్యలో, ఎండలో, బుట్ట చంకన పెట్టుకుని అలాగే నిలబడేది. చివరికి మాట బయటికి వచ్చాక, అది ఎంతసేపు పట్టిందన్న ధ్యాసే లేనట్టు, తిరిగి పలికి చూసుకునేది. ఆమె కూడా మూడుసార్లు తప్పు పలికితే గానీ మల్లెలు వచ్చేవి కాదు.

వేసవి సెలవులు ముగియడానికి కాస్త ముందు, ఒక సాయంత్రం, నాలుగు చినుకులు పడి ఆగాయి. మా వీధి మలుపులో మొక్కజొన్న కంకులు కాల్చే సాయిబు ఒకాయన బండి పెట్టేవాడు. జమ్మలమడుగు వైపు పెన్న ఒడ్డున బావుల కింద వేసిన లేత కంకులు ఆ రోజే దిగాయి. ఆ కాలిన వాసనకు దొరసానమ్మ మేడ దిగి వచ్చింది. సాయిబు రెండు కంకులకు ఉప్పూ కారం నిమ్మకాయ రుద్ది ఇచ్చాడు. మేమిద్దరం మా ఇంటి అరుగు మీద కూర్చున్నాం. జేజి గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నాయన పడక కుర్చీలో ఉన్నాడు.

ఆమె కంకిని ఎత్తి చూపించి పేరు అడిగింది. నాకు 'మ' అడ్డుపడింది. అసలు ఆ మాటే నాకు పెద్ద కొండ. మొదట 'మ', ఆ వెంటనే ఒత్తక్షరం. ఎంతసేపైందో తెలియదు. చేతిలో కంకి చల్లారిపోయింది. చివరికి మొక్కజొన్న అన్నాను. ఆమె తల ఊపి, తన వంతుగా వాళ్ల మాట చెప్పింది. డేర్ మైస్.

నేను దాన్ని పలకాలని ఆమె కోరిక. అందులో అసలు మాట మైస్ అని నాకు అర్థమైంది. మొదటిది ఏదో అనవసరపు చప్పుడు అనుకుని దాన్ని వదిలేసి మైస్ అనబోయాను. పెదవులు బిగుసుకున్నాయి. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, వేలెత్తి, ముందు డేర్ అంది. నేను డేర్ అన్నాను. 'డ'తో నాకు ఎప్పుడూ పేచీ లేదు. ఆ డేర్ వెనకాలే, నేను కాచుకునేలోపే, మైస్ జారి బయటపడింది. అంత తేలిగ్గా 'మ' నా నోట్లోంచి రావడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. మళ్లీ అన్నాను. మళ్లీ వచ్చింది.

నాయనకు భాషల పిచ్చి ఉంది. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆ డేర్ ఏమిటని ఇంగ్లీషులో విచారించాడు. వాళ్ల భాషలో ప్రతి వస్తువుకూ మగ, ఆడ, ఏదీ కాని తేడాలుంటాయనీ, ఆ తేడా చెప్పే చిన్న మాట ఎప్పుడూ వస్తువు ముందు నడుస్తుందనీ, మొక్కజొన్న మగ అనీ ఆమె చెప్పింది. ఇంగ్లీషులో మైస్ అంటే ఎలుకలని నాయన అనేసరికి ఆమె చాలాసేపు నవ్వింది. మొక్కజొన్న మగవాడెలా అయ్యాడని నాయన తెలుగులో ఆశ్చర్యపోతుంటే, జేజి చింతపండు మీంచి తలెత్తకుండానే తేల్చేసింది.

"మీసాలుండాయి గదా. మగోడే."

కంకి కొసనున్న పీచు చూసి మేమందరం ఒప్పుకున్నాం. తర్వాత ఆమె ఆ మాటను వాడటం నేర్పింది. ఒక మైస్, రెండు మైస్ అనకూడదు. ఎంత ఉన్నా మైసే. లెక్కపెట్టాలంటే కంకికి వేరే మాట ఉంది, మైస్‌కోల్బెన్. మొక్కజొన్న పసుపుపచ్చగా ఉంది అనాలంటే డేర్ మైస్ ఇస్ట్ గెల్బ్. అదే నేను దాన్ని తింటున్నాను అనాలంటే డేర్ కాస్తా డేన్ అయిపోతుంది. ఇష్ ఎస్సె డేన్ మైస్. మొక్కజొన్న తన మానాన తాను ఉంటే డేర్, మనం దాని మీద పడితే డేన్. నాయన దీన్ని బాగా పట్టుకున్నాడు. మనం మొక్కజొన్నను తిన్నాం అంటాం గదా, మనకు 'ను' వెనక వచ్చి చేరుతుంది, వాళ్లకు ముందున్న మాటే రూపు మారుతుంది అని నాకు చెప్పాడు. పదేళ్ల పిల్లకు ద్వితీయా విభక్తి అంత రుచిగా ఇంకెవరూ చెప్పి ఉండరు. నేను కంకి కొరికినప్పుడల్లా డేన్ అంటూ, ఆపినప్పుడల్లా డేర్ అంటూ ఆ సాయంత్రం గడిపాను.

కంకులు అయిపోయాక ఆమె ఒక కథ చెప్పింది. ఆమె ఇంగ్లీషు ముక్కలను నాయన కూడబలుక్కుని మాకు తెలుగు చేశాడు. ఆమెకు నా వయసున్నప్పుడు వాళ్ల దేశంలో యుద్ధం ముగిసి ఆకలి మొదలైందట. ఇళ్లు కూలిపోయి, పొలాలు బీడుపడి, రొట్టె ముక్క కోసం చలిలో తెల్లవారకముందే నిలబడేవాళ్లట. గెలిచిన దేశంవాళ్లు, మీకేం పంపమంటారని అడిగారట. వీళ్లు కోర్న్ కావాలన్నారట. వాళ్ల భాషలో కోర్న్ అంటే రొట్టె చేసుకునే ధాన్యం. ఎవరు ఏది ఎక్కువగా తింటే ఆ ఊళ్లో దాన్నే కోర్న్ అంటారు. పంపేవాళ్ల భాషలో ఆ మాటకు అర్థం మొక్కజొన్న. దాంతో మొక్కజొన్న పిండి వచ్చిందట. పసుపుపచ్చని రొట్టె. వాళ్ల ఊళ్లో అప్పటిదాకా మొక్కజొన్న కోళ్లకు, పందులకు వేసేది. ఈ కథ నిజంగా అలాగే జరిగిందో, ఆకలితో ఉన్నవాళ్లు అల్లుకున్నదో తనకు తెలియదని కూడా ఆమె చెప్పింది. పచ్చ రొట్టె మాత్రం నిజం. దాన్ని చూసి వాళ్లమ్మ ఏడ్చిందట. ఏడ్చి, కోసి, పిల్లలకు పంచిందట. ఆ రొట్టె తినే ఆ చలికాలం దాటారట వాళ్లు.

నాయన చెప్పడం ఆపాక జేజి చింతపండు పక్కన పెట్టింది. దొరసానమ్మకు అర్థమవుతుందా లేదా అన్న ఆలోచన లేకుండా ఆమె వైపే తిరిగి చెప్పింది.

"మాకూ కరువులో గంజి కేంద్రం పెట్టి ఎర్రజొన్నలు ఇచ్చిరమ్మా. మేమేమో తెల్లజొన్నలు తినేటోళ్లం. తొలినాడు ఎవురూ ముట్టల్యా. మర్నాడు ఎవురికీ మిగల్ల్యా."

నాయన అది ఇంగ్లీషులోకి మార్చాడు. దొరసానమ్మ లేచి వెళ్లి జేజి పక్కన గడపలో కూర్చుని చింతపండు గింజ తీయడం మొదలుపెట్టింది. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

మర్నాటి నుంచి ఆమె నాకు రోజుకు ఒకటో రెండో మాటలు చెప్పేది. పాలను డీ మిల్ష్ అనాలి. చందమామ డేర్ మోండ్. పిండి డాస్ మేల్. అమ్మ డీ ముట్టర్. నన్ను ఒక్క మాటను కూడా ఒంటరిగా పలకనిచ్చేది కాదు. ముందు చిన్న మాట, ఆ వెనక పెద్ద మాట. నేను తడబడితే వేలెత్తి చూపించి ఎదురుచూసేది. ఆటగా ఉందనుకున్నాను. ఆ మాటలన్నీ దేనితో మొదలవుతాయో నేను గమనించలేదు. ఆమె గమనించే ఏరి తెచ్చిందని నాకు తట్టింది పెళ్లయి పిల్లలు పుట్టాక. పులివెందులలో బడిపిల్లలకు అక్షరాలు దిద్దిస్తూ, 'మ' రాస్తూ ఉండగా ఒక్కొక్క మాటే గుర్తొచ్చి, బలపం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

జూన్ వచ్చింది. నన్ను ఆడపిల్లల హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్చాలి. ఆ బళ్లో చేరే ప్రతి పిల్లా హెడ్‌మిస్ట్రెస్ ముందు నిలబడి పేరు చెప్పి, ఒక పేజీ పైకి చదవాలి. ఆమె కచ్చితమైన మనిషని పేరు. నాయనకు ఆమె తెలిసినావిడే గానీ, ముందుగా వెళ్లి నా సంగతి చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ వారంలోనే జమ్మలమడుగు నుంచి మామ వచ్చాడు. భోజనాలయ్యాక నాయనతో అన్న మాట నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను.

"మాట రాని పిల్లను ఆడ నిలబెట్టి నగుబాటు చేస్తావెందుకు బావా. మా ఇంటికి పంపియ్. మా అమ్మకు తోడుంటాది. ఇంత కుట్టుపనన్నా నేర్చుకుంటాది."

మామ చెడ్డవాడు కాదు. నేను నలుగురిలో నవ్వులపాలు కాకూడదని ఆయన తాపత్రయం. అమ్మ కూడా ఆ మాటకు సగం ఒప్పుకున్నట్టే ఉంది. అమ్మకు తెలిసిన నేను అప్పటికే నాలుగ్గోడల మధ్య ఉండే పిల్లనే. నాయన చివరికి, పాప ఒకసారి పోయి నిలబడనీ, రాకపోతే నువ్వు చెప్పినట్టే చేద్దాం అన్నాడు. అంటే ఆ ఒక్క ఉదయం మీద నా చదువు ఆధారపడి ఉందన్నమాట. ఆ సంగతి నాకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

బడికి నాయనే తీసుకెళ్లాడు. పెద్దవాళ్లు వరండాలో ఉండిపోవాలి. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్లాలి. నా వంతు వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ బల్ల వెనక కూర్చుని ఉంది. తెల్లచీర, మందపాటి కళ్లద్దాలు. నన్ను చూసి మామూలుగానే అడిగింది.

"నీ పేరేంది పాపా?"

పెదవులు మూసుకున్నాయి. వంటగదిలో, బజారులో, బళ్లో ఎన్నిసార్లు మూసుకున్నాయో అలాగే. నా మెడ నరాలు బిగిశాయి. తర్వాత ఆమె ముఖంలో నాకు బాగా తెలిసిన ఆ జాలి వచ్చింది. చెయ్యి కాగితాల వైపు వెళ్లింది. ఇంకొక్క క్షణంలో నా పేరు ఆమె చదివేస్తుంది. చదివి, పోనీలే అమ్మా అంటుంది. ఎందుకో నాకు అది జరగకూడదనిపించింది. అంతవరకు అలాంటి పట్టుదల నాకు ఎప్పుడూ కలగలేదు. పెదవులు ఎలాగో విడదీసి, గాలి పీల్చి, డేర్ అన్నాను. ఆ వెనకాలే నా పేరు వచ్చింది. మొత్తం వచ్చింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"డేరా? అదేంది, మీ ఇంటిపేరా?"

కాదని తల ఊపి ఊరుకుని ఉండొచ్చు. కానీ ఆమె నిజంగా అడిగింది. జవాబు నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

"కాదమ్మా" అన్నాను. "అది జర్మనీ మాట. వాళ్లు దాన్ని..."

అక్కడ మొక్కజొన్న అడ్డొచ్చింది. పెదవులు బిగుసుకున్నాయి. ఈసారి డేర్ పెట్టడానికి వీల్లేదు, ఆ డేర్ గురించే కదా చెబుతున్నాను. అప్పుడు ఆమె ముఖం వైపు చూశాను. ఆమె నోరు కదలడం లేదు. వాళ్లు దాన్ని ఏం చేస్తారో ఆమెకు ఊహించడానికి కూడా ఆధారం లేదు. ప్రొద్దుటూరులో ఒక అయ్యవారి కూతురు తన పేరుకు ముందు జర్మనీ మాట ఎందుకు పెట్టుకుందో, ఆ వాక్యం ఎలా ముగుస్తుందో ఈ లోకంలో ఎవరూ ఊహించలేరు. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ముందుకు వంగి ఎదురుచూసింది. ఆమెకు వినాలని ఉంది. నాకు తెలిసి, నేను చెప్పబోయేది నాకంటే ముందు తెలియని తెలుగు మనిషి నాకు ఎదురుపడింది అప్పుడే.

"...మొక్కజొన్న ముందర పెడతారు" అని ముగించాను.

ఆమె ఎందుకు పెడతారు అని అడిగింది. చెప్పాను. మగ, ఆడ తేడాలు చెప్పాను. తింటే డేన్ అవుతుందని చెప్పాను. కోర్న్ అడిగితే కొర్రలిచ్చిన సంగతి చెప్పాను. ఎన్నిచోట్ల తట్టుకున్నానో లెక్కలేదు. ఆమె ఒక్క మాట కూడా అందించలేదు. బయట ఇంకా పిల్లలు నిలబడి ఉన్నారు. చివరికి ఒక పుస్తకం తీసి పేజీ చదవమంది. సగం పేజీకే చాలనేసింది. బాగా చదివినందుకో, పొద్దుపోతున్నందుకో నాకు తెలియదు. కాగితం మీద సంతకం పెడుతూ, నిదానంగా మాట్లాడు, తొందరేం లేదు అంది. అంతే.

వరండాలో నాయన అడిగేలోపే నేనే చెప్పాను. దారి పొడుగునా చెప్పాను. ఇల్లు చేరేసరికి ఇంకా సగమే అయింది. నాయన గుమ్మం బయట చెప్పులు విప్పకుండా నిలబడి మిగతా సగం విన్నాడు.

అంతటితో నా మాట బాగుపడిపోయిందని చెప్పలేను. ఇప్పటికీ తట్టుకుంటుంది. కొత్తవాళ్ల ముందు, ఫోనులో, మరీ అలసిపోయినప్పుడు 'మ' మళ్లీ తన పాత పట్టు పడుతుంది. చిన్న మాట ముందు పెట్టుకోవడం కొన్నాళ్లు పనిచేసి, కొన్నాళ్లు చేయదు. నేను చదివి, పంతులమ్మనై, ముప్పై ఏళ్లకు పైగా పిల్లల ముందు నిలబడి తట్టుకుంటూనే పాఠాలు చెప్పాను. తట్టుకునే మనిషి చెప్పే పాఠం పిల్లలు కాస్త జాగ్రత్తగా వింటారని కూడా తెలుసుకున్నాను.

దసరాకు ముందే మిల్లు పని ముగిసింది. వెళ్లే రోజున దొరసానమ్మ మా ఇంటికి వచ్చి వరసగా అందరి ముందూ నిలబడింది. జేజి దగ్గర తెలుగులో ఏదో చెప్పడం నేర్చుకుని వచ్చింది. "నేను" అని ఆగిపోయింది. ముఖం ఇంకా ఎర్రబడింది. తర్వాతి మాట ఏమిటో మా అందరికీ తెలుసు. జేజి అందించబోయింది. నాయన జేజి చెయ్యి మెల్లగా పట్టుకున్నాడు. మేమందరం వసారాలో నిలబడి ఎదురుచూశాం. జీపు హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. చివరికి ఆమె "పోయొస్తా" అంది. రాలేదు. ఆమె గురించి మళ్లీ ఏమీ తెలియలేదు. తెలుగు రాదు కాబట్టే అన్నాళ్లూ నా కోసం ఎదురుచూసిందా, తెలుగు వచ్చినా అలాగే ఎదురుచూసేదా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఏరి తెచ్చిన ఆ మాటలను బట్టి చూస్తే, ఎదురుచూసేదనే అనుకుంటాను.

ఆ సాయంత్రపు అరుగు నుంచి నేను తెచ్చుకున్నది జర్మనీ భాష కాదు. అందులో నాకు మిగిలినవి ఆ పది మాటలే. ఎదుటి మనిషి మాట ఎక్కడ ముగుస్తుందో నాకు తెలియదనుకుని వినడం ఒక్కటే తెచ్చుకున్నాను. తెలుసనిపించినప్పుడు మరీ జాగ్రత్తపడతాను. బళ్లో అలాగే విన్నాను. ఇంట్లోనూ అదే ప్రయత్నం చేశాను. ఎప్పుడూ కుదిరిందని అనను.

రెండేళ్ల కిందట మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు తిరిగి వచ్చాయి గానీ మాట సరిగా రాలేదు. ఒక మాట అని, తర్వాతి మాట కోసం వెతుక్కుంటూ ఉండిపోతాడు. పులివెందుల ఇంట్లో మనుషులు ఎక్కువ. అందరికీ ఆయనంటే ప్రేమే. ఆయన నోరు తెరవగానే నలుగురూ నాలుగు రకాలుగా అందిస్తారు. ఆయన చిరాకుపడి ముఖం తిప్పుకుంటాడు.

మొన్నొక పొద్దున వరండాలో కూర్చుని ఉండగా ఆయన నా వైపు చూసి "నీ" అన్నాడు. కోడలు పరుగున వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన చేత్తో తోసేశాడు. నీరెండలో కూర్చుంటావా నాయనా అని కొడుకు కుర్చీ లాగబోయాడు. నేను వాళ్లిద్దరినీ లోపలికి పొమ్మని, ఆయన ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. వీధిలో పాలవాడు వచ్చి వెళ్లాడు. బడి బస్సు వెళ్లింది. ఆయన పెదవులు రెండు మూడుసార్లు కదిలి ఆగాయి. నేను చూస్తూనే ఉన్నాను.

"నీ... కాళ్లు... తగ్గినాయా?" అన్నాడు.

నాలుగు రోజులుగా మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. ఆ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కొంచెం తగ్గినాయి అని చెప్పాను. ఆయన ఇంకా ఏదో అనబోతున్నాడు. నేను పీట కాస్త దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.